మా వీధి స్పీడ్ బ్రేకర్ గారికి ఒక ట్రాక్ కారు ఓనరు మొర

నెల్లూరు వేదాయపాళెంలో వెలసిన స్పీడ్ బ్రేకర్ గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని మా కారు ఇంజను అడుగున కాపలా ఉండే సంప్ గార్డు రేకు చెబుతూనే ఉంది. మేం మాత్రం అంత క్షేమం కాదు.

మీ పుట్టుక వీధంతా ఎరుగును. మూలమీది ఇంటికి స్లాబ్ వేసినరోజు కాంక్రీటు మిగిలింది. పారబోయడమెందుకని రోడ్డుకడ్డంగా పోశారు. తెల్లారేసరికి మీరు గట్టిపడి వీధికి పెద్దదిక్కయ్యారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు మీ జాతికి కొలతలు రాసిపెట్టారు లెండి: బండి పోయే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి హాయిగా దాటాలి. పైన నలుపు తెలుపు చారలు, 40 మీటర్ల ముందే బోర్డు. ఎత్తులో మీరు ఆ పుస్తకాన్ని ఎప్పుడో మించిపోయారు. వెడల్పులో మూర దగ్గరే ఆగారు. చారలూ బోర్డూ ఆడంబరమనుకున్నారేమో.

నేను వీలైన వారాంతమల్లా పోయే మద్రాస్ సర్క్యూట్ అనే రేసు ట్రాక్ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. దాని లెక్క కూడా 3.7 చిల్లరే, కాకపోతే కిలోమీటర్లు. 12 మలుపులు. అక్కడ మలుపు అంచున ఉండే కెర్బులకు సైతం రంగు వేస్తారు. ముందు ఎవరైనా గిరికీ కొడితే పసుపు జెండా ఊపుతారు. మీ దగ్గర బైకు మీంచి పడ్డవాడి కేకే జెండా.

ఆ ట్రాక్ కోసమే నా పాత మారుతి ఎస్టీమ్ కారును రెండంగుళాలు కిందికి దించాను. ఆటోనగర్ మెకానిక్ ఒక పూటంతా కూర్చుని ముందు చక్రాలకు రెండు డిగ్రీల నెగటివ్ కేంబర్ పెట్టాడు. చక్రం పైభాగం కాస్త లోపలికి వాలి ఉంటుందన్నమాట. మలుపులో బండి ఒరిగినప్పుడు టైరు రోడ్డును నిండుగా పట్టుకుంటుంది. బ్రేక్ ఆయిల్ కూడా మార్చాడు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీలదాకా మరగదు, తేమ పీల్చిందో 155 దగ్గరే మరిగిపోవచ్చు, ఇక పెడల్ తొక్కితే నేలకంటుకోవడమే. మన సముద్రగాలికి తేమ కొదవా! అంతా అయ్యాక తాళం చేతికిస్తూ, "స్టీరింగ్ సూటిగా ఉండాదన్నా, ట్రాక్ కాడికి పోయేదాకా గుంతలో దించబాకు" అన్నాడు.

గుంతలన్నీ తప్పించుకునే ఇంటికొచ్చాను. మిమ్మల్ని తప్పించుకోవడమెట్లా? ఈ గోడ నుంచి ఆ గోడదాకా మీరే కదా.

మీ కోసం మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. ముందు మా ఆవిడ, పిల్లలు, ఇడ్లీ క్యారియర్, డిక్కీలోని స్పేర్ చక్రాలు కిందికి దిగాలి. కారును ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రమే ఎక్కిస్తాను. ఆవిడ వంగి కారు కిందికి చూస్తూ "రండి... రండి... ఆగండి!" అంటుంది. ఆగమనేలోపే గర్రుమంటుంది. ఆ చప్పుడుకు ఎదురింటి పెద్దాయన గేటు తీసుకొచ్చి, "ఏందబ్బయా, మళ్లా స్టార్ట్ కాలేదా?" అని వెనకనుంచి నెట్టడం మొదలుపెడతాడు. ఇది రేసు బండి అని ఆయనకు ఏ మొహంతో చెప్పేది?

ఇంతకీ తమరు ఇప్పటిదాకా ఎవరి జోరు తగ్గించారు? ఇసుక ట్రాక్టర్ మిమ్మల్ని గుర్తే పట్టదు. సైలెన్సర్ మార్చిన బుల్లెట్ కుర్రాళ్లు గాల్లోకి లేవడానికే మీ దగ్గరికొస్తారు. లోపల పిల్లలు "హో" అని అరుస్తారని స్కూల్ ఆటో ఇంకాస్త తొక్కుతుంది. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, అంబులెన్స్ సిద్ధంగా ఉన్నచోటే స్పీడుగా నడిపే నేనొక్కణ్ణే మీకు దొరికాను!

మొన్న వెంకటాచలం టోల్ గేటు దాటకముందే స్టీరింగ్ ఎడమకు లాగింది. తడ వచ్చేసరికి పూర్తిగా అర్థమైంది, ఎడమ చక్రం కేంబర్ తమకు సమర్పించుకున్నానని. ఇక ట్రాక్ మీద ఎడమ మలుపుల్లో చెప్పిన మాట వింది, కుడి మలుపు వస్తే మొరాయించింది. మెకానిక్ పూటంతా చేసిన పని మీరు రెప్పపాటులో ముగించారు. ఆ చేతివాటం ఆటోనగర్‌లో ఉంటే బాగుపడేవారు.

మిమ్మల్ని పగలగొట్టమని అడగను, వీధిలో చిన్నపిల్లలున్నారు. అటూ ఇటూ కాస్త వాలు పోయించుకోండి, నాలుగు చారలు వేయించుకోండి. ఈ శనివారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరుతున్నాం. ఆ వేళకు నల్లకుక్క మీ మీదే పడుకుంటుంది, హారన్ కొట్టినా లేవదు. దాన్ని మాత్రం దయచేసి ముందే లేపి ఉంచండి.

ఇట్లు,
ఏటవాలుగా మీ ముందు నిలబడే
ఎస్టీమ్ ఓనరు