లడ్డూలో రాయి

ఇది జరిగి ఇంకా రెండు రోజులు కాలేదు, అందుకని కొంచెం కోపంగానే రాస్తున్నాను. కొట్టు పేరు చెప్పను. డాక్టరు పేరు అసలే చెప్పను. మా బావమరిది పేరు మాత్రం చెప్పాలని చాలా ఉంది గాని ఇంట్లో మళ్ళీ గొడవ.

మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దులో ఒడిశా వైపున్న ఊరు. స్కూల్లో మాస్టారుని. సాయంత్రం బడి నుంచి వస్తూ ఒక మిక్చరు పొట్లం తెచ్చుకుని వీధరుగు మీద కూర్చుని తినడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. సంక్రాంతికి విశాఖపట్నం నుంచి వచ్చిన మా బావమరిది ఆ పొట్లాన్ని చూసి, పామును చూసినట్టు ఒక అడుగు వెనక్కేశాడు. "బావా, ఇది విషం" అన్నాడు. అంతే, మూడు నెలలుగా పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మకాయ, తేనె. జేబులో కిస్‌మిస్ డబ్బా, గంట కొట్టినప్పుడల్లా నాలుగు. సాయంత్రం మిక్చరు స్థానంలో చోళ్లు (రాగులు), ఖర్జూరం, బాదం కలిపి కట్టిన లడ్డూ. చోళ్లంటే మాకు కొత్తేమీ కాదు, మా అమ్మ కాచిన చోడంబలి తాగి పెరిగినవాళ్ళమే, అది ఏనాడూ ఎవరి పంటికీ అంటుకోలేదు. అదే చోడిపిండిని ఖర్జూరంతో ముద్ద చేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేస్తే డజను 240 రూపాయలు. డబ్బా మీద ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ "చక్కెర కలపలేదు" అని పెద్దక్షరాలు. అబద్ధం కాదు, ఎవరూ కలపలేదు. ఖర్జూరం వచ్చేటప్పుడే తెచ్చుకుంది.

మొన్న సాయంత్రం ఆకలి ఆగక కొట్టు దగ్గరే డబ్బా విప్పి ఒకటి కొరికాను. రెండో నములుకి కటక్ మంది. రెండు వేళ్ళు పెట్టి తీసి చూస్తే శనగగింజంత తెల్లటి రాయి.

నేను మామూలుగా గొడవలు పెట్టుకునే మనిషిని కాను. కానీ 240 రూపాయలు. పైగా మూడు నెలలుగా మిక్చరు లేదు, ఆ కసి ఎక్కడో ఒక చోట బయటికి రావాలి కదా. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామ్మూర్తి గారు మాస్టారుగా పనిచేసిన ఊరు ఇది. ఆ ఊళ్ళో నేను వాడుక భాషలోనే కొట్లాడాను. కొట్టతను ఒడియావాడు, తెలుగు నాకన్నా శుభ్రంగా మాట్లాడతాడు. "ఆగ్యాం, మా సరుకులో రాయి రాదు" అంటాడు. "రాకపోతే ఇదేటి?" అంటాను నేను. ఆ వస్తువును ఒక కాగితం ముక్క మీద పెట్టి, గల్లాపెట్టె పక్కన ట్యూబులైటు కిందికి జరిపాడు. జనం మూగారు. నా దగ్గర చదువుకున్న వాళ్ళే ముగ్గురున్నారు, వాళ్ళ ముందు వెనక్కి తగ్గితే ఇంకేం పరువు? "పళ్ళు విరిగితే ఎవరిది బాధ్యత?" అని గట్టిగా అరిచాను కూడా. ఈ వాక్యం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోతోంది.

పరీక్ష మొదలైంది. ఒకాయన గోటితో నొక్కి సున్నపురాయి అన్నాడు. ఇంకొకాయన గవ్వ ముక్క, గోపాల్‌పూర్ సముద్రం వైపు నుంచి వచ్చుంటుంది అన్నాడు. చోళ్ళలోకి సముద్రం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అప్పుడు ఆ పక్క సందులో కొమ్ము పని చేసే పెద్దాయన్ని పిలిచారు. మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరు పడ్డ ఊరు. గేదె కొమ్ముతో కొంగని చేస్తే అది ఇప్పుడే ఎగురుతుందేమో అనిపించేలా చేస్తారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ ముక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, లైటు వైపు పెట్టి, మెల్లగా తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. తలకిందులు చేసి లోపల డొల్లగా ఉందని చూశాడు, అందులో అంటుకున్న పసుపుపచ్చటి పొడిని గోటితో గీకి వాసన చూశాడు. "మాస్టారూ, ఇది రాయి కాదు. ఎవరో చెక్కిందే. మంచి పని. మా పని కాదు" అన్నాడు. ఆ "మంచి పని" అన్న మాటలో నిజమైన గౌరవం ఉంది, ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి మెచ్చుకున్నట్టు.

అంటే లడ్డూలో ఎవరో చెక్కిన వస్తువు వచ్చిందన్నమాట! నా కేసు ఇంకా బలపడింది. కొట్టతను మొహం పాలిపోయి, గల్లాపెట్టె తెరిచి 240 రూపాయలూ నా చేతిలో పెట్టాడు. నేను లెక్కపెట్టుకున్నాను కూడా.

సరిగ్గా అప్పుడు వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఒక ఆరేళ్ళ గుంటడు, ముందు రెండు పళ్ళూ లేని నోటితో, కాగితం మీదికి తొంగి చూసి, తర్వాత నా నోట్లోకి తొంగి చూసి, "ఎయిటా పొథొరొ నుహే, దాంతొ" అన్నాడు. దాంతొ అంటే ఏమిటో ఏ తెలుగువాడికీ అనువాదం అక్కర్లేదు.

నాలుకతో తడిమాను. కుడివైపు పైన, నాలుగేళ్ళ క్రితం రూట్ కెనాల్ చేసి 6,000 రూపాయలకి క్యాప్ పెట్టిన చోట, ఖర్జూరం ముద్ద ఒకటి అచ్చం పన్నులాగే కూర్చుని ఉంది. రూట్ కెనాల్ చేసిన పంటిలో నరం ఉండదు కాబట్టి నొప్పి లేదు. ఖాళీ తెలియకుండా లడ్డూయే పూడ్చేసింది కాబట్టి అనుమానం లేదు. నాలుక తగలగానే ఆ ముద్ద కూడా ఊడి వచ్చింది. కొమ్ము పనాయన కాగితం మడిచి, ఎంతో జాగ్రత్తగా, నా చేతిలో పెట్టాడు.

240 రూపాయలు తిరిగి ఇచ్చేశానా? ఇచ్చేశాను. ఎలా ఇచ్చానో, ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు.

పొద్దున్న పాతపట్నం మీదుగా శ్రీకాకుళం బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. క్యాప్ పెట్టింది ఈయనే. కాగితం పొట్లం విప్పి చూసి, "ఖర్జూరమా?" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే, బంకగా ఉండేవి క్యాప్‌ని లాగేస్తాయి, మీకు అప్పుడే చెప్పాను కదా అన్నాడు. చెప్పలేదు. దేవుడి మీద ఒట్టు, బిల్లు ఎంతో మాత్రం చెప్పాడు. తర్వాత నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, నోట్లో అద్దం పెట్టి, నేను జవాబు చెప్పలేని స్థితిలో పాఠం మొదలెట్టాడు. ఈ టెక్నిక్ నాకు క్లాసులో ఉంటే ఎంత బాగుండేదో. ఎండు ఖర్జూరంలో సగానికి పైగా చక్కెరేనట. అది పంటి సందుల్లో కూర్చుంటే అక్కడి బ్యాక్టీరియా దాన్ని తిని యాసిడ్ వదులుతుందట, పళ్ళ మీద పి.హెచ్. (పులుపు కొలత, ఎంత తగ్గితే అంత పులుపు) 5.5 కిందికి దిగితే ఎనామిల్, అంటే పంటి పైపొర, కరగడం మొదలవుతుందట. లాలాజలం దాన్ని మళ్ళీ సర్దుకురావడానికి అరగంట నుంచి గంట పడుతుందట. నేనేమో గంట గంటకీ కిస్‌మిస్ నాలుగు. అంటే మూడు నెలలుగా నా లాలాజలానికి ఒక్క లీజర్ పీరియడ్ కూడా ఇవ్వలేదు. నిమ్మనీళ్ళ సంగతి చెబితే అద్దం తీసి నా మొహం చూశాడు. తాగిన వెంటనే బ్రష్ చేస్తారా అన్నాడు. చేస్తాను, శుభ్రమని. పులుపుకి మెత్తబడ్డ ఎనామిల్‌ని మీరే గీకేస్తున్నారు, కనీసం అరగంట ఆగాలి, అది ఒంట్లో అన్నిటికన్నా గట్టిది గాని పోతే మళ్ళీ పెరగదు అన్నాడు. పక్కన ఇంకో రెండు పళ్ళు పుచ్చడం మొదలెట్టాయట. మిక్చరు తినొచ్చా అని అడుగుదామనుకున్నాను, నోట్లో దూది ఉంది.

బావమరిదికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు మొత్తం విని, "బావా, నువ్వు సరిగ్గా నమలవు" అన్నాడు.

మిగిలిన పదకొండు లడ్డూల డబ్బాను కొట్టతను నా పాత శిష్యుడి చేత ఇంటికి పంపించాడు. ఇది రాస్తూండగానే మా ఆవిడ అందులోంచి ఒకటి తీసి, నా వైపు చూస్తూ, కటకటా నమిలి మింగింది. ఆవిడవన్నీ సొంత పళ్ళు.