చూరులో దోపిన గ్లాసు

జాతి వివక్ష తెల్లవాళ్ల దేశాల సమస్య అని, ఐక్యరాజ్యసమితి కమిటీలు కాగితాలు నింపడం తప్ప చేసేదేమీ లేదని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసం తేల్చేసింది. నేను ఒప్పుకోలేను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నా చిన్నప్పుడు కులం కారణంగా మా నాన్న చాయ్ తాగే గ్లాసు హోటల్ లోపల ఉండేది కాదు, బయట చూరులో దోపి ఉండేది. అంచు నొక్కుకుపోయిన సత్తు గ్లాసు. తాగి, తానే కడిగి, మళ్లీ అక్కడే దోపాలి. డబ్బులు మాత్రం అందరితో సమానంగా తీసుకునేవారు.

జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని సమితి 1965లో ఆమోదించింది. మన దేశం 1968లో ధ్రువీకరించింది. అందులో మొదటి అధికరణం చూడండి: జాతి, రంగు పక్కనే ‘వంశం’ అనే మాట ఉంటుంది. దాన్ని చేర్చాలని ప్రతిపాదించింది భారతదేశమే! అయినా కులం ఆ ఒప్పందం కిందికి రాదని మన ప్రభుత్వమే వాదిస్తూ వచ్చింది. వస్తుందని, ఆ ఒప్పందం అమలును చూసే 18 మంది నిపుణుల సమితి కమిటీ 2002లో స్పష్టంగా చెప్పింది. 2007లో మన ప్రభుత్వం ఇచ్చిన నివేదికను పరిశీలించినప్పుడు దళితుల హక్కుల సంఘాలు ఇచ్చిన సమాచారాన్ని కూడా ముందు పెట్టుకుని ప్రశ్నలు అడిగింది. చూరులో గ్లాసు సంగతి ఆ కమిటీ కూర్చునే జెనీవా దాకా వెళ్లే దారుల్లో అదొకటి.

కమిటీకి పోలీసులు లేరు, నిజమే. బాధితులు దానికి నేరుగా ఫిర్యాదు చేయాలంటే 14వ అధికరణం కింద దేశం అంగీకారం ప్రకటించాలి. మనం ప్రకటించలేదు. ఆ తప్పు కమిటీది ఎలా అవుతుంది? మన నల్లగొండ, నాగర్‌కర్నూల్ ఎంపీలు ఈ అంగీకారం మాట పార్లమెంటులో ఎత్తాలి.