'అన్ని నేలలకూ అనువైనది' గారికి ఒక లేఖ

మహారాజశ్రీ 'అన్ని నేలలకూ అనువైనది' గారికి,

నర్సరీ కరపత్రం మీద తమరు ఎంత పెద్ద అక్షరాల్లో వెలిగిపోతున్నారో! తమరి పుణ్యాన నాటిన జామాయిల్ క్లోన్లను, అంటే ఒకే తల్లి చెట్టు నుంచి తీసిన నకలు మొక్కలను, ఇప్పుడే చూసి వస్తున్నాను. లేత ఆకుల్లో ఈనెలు మాత్రమే పచ్చన, మిగతాదంతా పసుపు. చూడముచ్చటగా ఉంది లెండి. నర్సరీకి ఫోన్ చేస్తే "యూరియా చల్లండి, అదే పచ్చబడుతుంది" అని అభయమిచ్చారు.

నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పండుతాయి మహాప్రభో! లేత ఆకులు ఇలా పాలిపోయాయంటే ఇనుము అందడం లేదని. గుంట తవ్వితే రెండడుగుల కింద తెల్లటి సున్నపు పొర. అలాంటి చోట నేలలో ఇనుమున్నా కరగదు, వేరుకు అందదు. జామాయిల్‌లో చాలా రకాలకు సున్నం పడదన్నది నిన్నమొన్న తేలిన సంగతేం కాదు. మొక్కలు అమ్మేటప్పుడు నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎంతో, నేల లోతెంతో, నీరు నిలుస్తుందో లేదో ఒక్కరైనా అడిగారా? బిల్లు మీద నా ఇంటిపేరు మాత్రం రెండుసార్లు అడిగి రాసుకున్నారు.

పైగా క్లోన్లాయె. విత్తనపు మొక్కలైతే ఒకదానికొకటి తేడా ఉండేది, కొన్నైనా నెగ్గుకొచ్చేవి. తమరివి మాత్రం మంచి క్రమశిక్షణతో అన్నీ కలిసే పాలిపోయాయి.

పడని చోట చెట్లు నాటించే తమరి బంధువర్గమూ తక్కువదేం కాదు. నీరు నిలిచే పల్లంలో టేకు, ఆమ్ల నేలలో సుబాబుల్... వాళ్ల సంగతి ఇంకోసారి.

రేడియాటా పైన్ అనే చెట్టు పుట్టిల్లు కాలిఫోర్నియా తీరంలో, మెక్సికో దీవులు రెండింటిలో కొద్దిపాటి చోటే, న్యూజిలాండ్‌లో అడవులకు అడవులే పెరిగిందంటారా? నిజమే. అక్కడ ఏ చోట ఎలా పెరుగుతోందో ఏళ్ల తరబడి నాటి, కొలిచి చూసుకున్నారు. తమరిని ఎక్కడ నాటి చూశారు? ప్రింటింగ్ ప్రెస్‌లోనా?

క్లోన్ మీద నాకు కోపం లేదు. లోతుగా ఉండి, నీరు బాగా ఇంకే నేలలో ఇదే రకాన్ని చూశాను. నిటారుగా, ఏపుగా, ఎంత బాగుందో. దాన్ని తీసుకొచ్చి సున్నంలో నిలబెట్టింది తమరు. కూరగాయ మొక్కైతే పీకేసి వచ్చే సీజన్‌లో మరోటి వేసుకుంటాం. చెట్టు ఏళ్లకేళ్లు నేలను పట్టుకుని కూర్చుంటుంది. ఆ ఏళ్లు ఎవడిస్తాడయ్యా వెనక్కి? యూరియా ఇస్తుందా?

కొత్త కరపత్రంలో తమరు కనిపించకూడదు. అక్కడ పీహెచ్, నేల లోతు, వర్షపాతం, నీరు ఇంకే తీరు రాయించండి. చోటు చాలకపోతే ఆ చెట్టు ఫొటో తీసేయండి. ఎలాగూ అది జామాయిల్ కాదు, టేకు.

ఇట్లు,
పసుపు తోట యజమాని