సవరణ: ఘంటసాల రేడియో పాటలు, పాత రికార్డుల నిడివి

విజయనగరం సంగీత కళాశాలలో చదువుకునే రోజుల్లోనే ఘంటసాల విజయవాడ రేడియోలో పాడారని మొన్న రాశాను, అది తప్పు. విజయవాడ కేంద్రం మొదలైందే 1948 డిసెంబరు 1న, అప్పటికి ఆయన మన ఊరు విజయనగరం వదిలి ఏళ్లు గడిచి, మద్రాసులో నేపథ్య గాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. సినిమాల్లో నిలదొక్కుకోకముందు ఆయన పాడింది 1938లో ప్రారంభమైన మద్రాసు కేంద్రంలో. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర ఆయన పాఠం నేర్చుకున్నది ఇక్కడే గనుక, రేడియోను కూడా ఇటువైపు లాక్కున్నాను కాబోలు.

పాత గ్రామఫోను రికార్డు ఒక్కో వైపున ఏడెనిమిది నిమిషాల పాట పట్టేదన్నదీ పొరపాటే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క పళ్లెంలో వైపుకు మూడు, మూడున్నర నిమిషాలే పడతాయి. మా ఇంట్లో మిగిలిన రికార్డును గడియారం ముందు పెట్టుకుని వింటే, ముల్లు మధ్య కాగితం అంచుకు చేరేసరికి మూడు నిమిషాల పది సెకన్లయింది. పొడవైన పద్యాలను, నాటక ఘట్టాలను రెండు వైపులకూ పంచి రికార్డు చేసింది అందుకే.