పోలికల పంపకాల్లో ప్రకృతి జోక్యాన్ని ఖండిస్తున్నాం

బిడ్డ పుట్టగానే తల నుంచి పాదాల దాకా వాటాలు తేల్చేయడం పెద్దల బాధ్యత. నుదురు తాతగారిది, ముక్కు మేనత్తది, పొడవాటి వేళ్లు నానమ్మవి అని పంచుకుంటూ పోతాం. ఏడుపు అందుకోగానే ఆ గొంతు తల్లి తరపు వారిదని ఎవరూ అడగకుండానే ఖాయమవుతుంది. ఎన్నో తరాలుగా రాతకోతలు అవసరం లేకుండా సాగుతున్న ఏర్పాటు ఇది. మంచి గుణం కనిపిస్తే మా వైపు నుంచి వచ్చినట్టు. మొండితనం, సోమరితనం, లెక్కల్లో వచ్చిన సున్నా ఎదుటి వైపు నుంచి వచ్చినట్టు. ఈ విషయంలో నేను ఎవరి పక్షమూ వహించడం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నేను కేవలం తండ్రి తరపు పెద్దమనిషిని.

ఇంత చక్కని ఏర్పాటులో కొందరు నూట యాభై ఏళ్లకు పైగా వేలు పెడుతున్నారు. వారిలో మొదటివాడు గ్రెగర్ మెండెల్. ఆయన సన్యాసి. పెళ్లి లేదు, పిల్లలు లేరు, బిడ్డ ముక్కు ఎవరిదనే పంచాయితీలో కూర్చున్న అనుభవం అసలే లేదు. అలాంటి మనిషికి వంశాల వ్యవహారంతో ఏం పని? మఠం తోటలో బఠానీ మొక్కలు పెంచుకుంటూ, గుండ్రని గింజల రకాన్ని ముడతల గింజల రకంతో సంకరం చేశాడు. తొలి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. పరువు తెలిసిన మనిషి ఎవరైనా అక్కడితో ఆగి, గుండ్రని వంశం గెలిచిందని చాటింపు వేయించి ఊరుకునేవాడు. ఈయన ఆ గింజలను మళ్లీ నాటి, వాటంతట అవే ఫలదీకరణం చెందనిచ్చి, కాసిన గింజలను కూర్చుని లెక్కపెట్టాడు. 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. విత్తొకటి నాటితే చెట్టొకటి మొలుస్తుందా అని మన పూర్వులు గద్దించి అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు ఉండకూడదు. ఈయన మాత్రం మొలుస్తుందని, తన తోటలో 1,850 సార్లు జరిగిందని లెక్కతో సహా చెప్పాడు.

ఆ లెక్క వెనక ఉన్న సంగతి మరీ ఇబ్బందికరం. ఒక్కో గుణానికి రెండు ప్రతులు ఉంటాయట, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ వేర్వేరైతే ఒకటి పైకి కనిపిస్తుంది, రెండోది అణగి ఉంటుంది. అణగి ఉంటుందే గాని నశించదు. పిలవని పేరంటానికి వచ్చినట్టు రెండు మూడు తరాల తర్వాత ప్రత్యక్షమవుతుంది. దీంతో ‘మా వంశంలో ఇలాంటిది లేదు’ అనే నిండైన మాట కాస్తా ‘ఇప్పటిదాకా బయటపడలేదు’ అనే స్థాయికి దిగజారింది. పైగా అణగి ఉన్న గుణం బయటపడాలంటే అది రెండు వైపుల నుంచీ రావాలట. వియ్యంకుడి వైపు చూపించిన వేలును గౌరవంగా వెనక్కి తీసుకునే మార్గం కూడా లేకుండా చేశారు. మెండెల్ ఈ పత్రాన్ని 1866లో అచ్చు వేయిస్తే 34 ఏళ్ల పాటు లోకం దాని మొహం చూడలేదు. లోకానికి అప్పుడు ఇంగితం ఉండేది. ఆయన 1884లో కన్నుమూశాక సమస్య తీరిందనుకుంటే, 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారే దాన్ని తవ్వి తీశారు.

శాస్త్రవేత్తలందరూ ఇలాంటివారే అనడం అన్యాయం. మనిషి కణంలో, తల్లిదండ్రుల గుణాలను బిడ్డకు మోసుకొచ్చే పోగులు, అంటే క్రోమోజోములు, 48 ఉంటాయని 1923లో ఒక పెద్దాయన తేల్చాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఎంతోమంది సూక్ష్మదర్శినిలోకి తొంగి చూసి, కంటికి ఎన్ని కనిపించినా 48 అనే చెప్పారు. పెద్దవారి మాట మీద చిన్నవారికి ఉండవలసిన గురి అదీ! 1956లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు, స్పష్టంగా కనిపించే పద్ధతి ఒకటి పట్టుకుని 46 అని లెక్కపెట్టి ఆ మర్యాదను మంటగలిపారు. ఆ రెండు పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. బంగాళదుంపకు ఈనాటికీ 48 ఉన్నాయి. ఆ పోగుల మీద ఉండి గుణాలను నిర్దేశించే జన్యువుల సంగతి ఎత్తకపోవడమే మంచిది. మనిషికి లక్ష దాకా ఉంటాయని ఆశపెట్టి, చివరికి దాదాపు ఇరవై వేలని చేతులు దులుపుకున్నారు. వరి మొక్కకు అంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయి. మరి అది ఏనాడూ తన వంశం గురించి గొప్పలు చెప్పుకున్నట్టు లేదు.

ఇక అసలు గాయానికి వద్దాం.

వంశం నిలబెట్టే కొడుకు పుట్టకపోతే ఆ తప్పు కోడలిదని తేల్చుకోవడం రాజుల కాలం నుంచీ ఉన్న విధానం. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఈ విధానాన్ని నిష్ఠగా పాటించాడు. కొడుకును ఇవ్వలేదని మొదటి భార్య కేథరిన్‌ను వదిలించుకున్నాడు, అందుకోసం రోమ్‌లోని పోపుతోనే తెగతెంపులు చేసుకున్నాడు. రెండో భార్య యాన్ బొలీన్‌కు కూతురు పుట్టింది, కొడుకు దక్కలేదు. 1536లో వేరే నేరాలు మోపి ఆమె తల తీయించాడు. ఇంత పట్టుదల గల మనిషిని 1905లో నెటీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త ముద్దాయిని చేసింది. అందుకు ఆమె వాడిన సాక్షి ఒక పిండి పురుగు. ఆడ పురుగు కణాల్లో 20 పెద్ద క్రోమోజోములు ఉన్నాయి. మగ పురుగు కణాల్లో 19 పెద్దవి, ఒకటి పొట్టిది ఉన్నాయి. ఆ పొట్టిది ఉన్న శుక్రకణం కలిస్తే మగ, లేనిది కలిస్తే ఆడ. మనుషుల్లోనూ జరిగేది ఇదే. ఆ పొట్టిదాని పేరు వై, దానికి జతగా ఉండే పెద్దదాని పేరు ఎక్స్. తల్లి దగ్గర ఉన్నవి రెండూ ఎక్స్ క్రోమోజోములే కాబట్టి ఆమె ఇవ్వగలిగింది ఎక్సే. ఎక్సా, వైయా అన్నది తండ్రి శుక్రకణం మీదే ఆధారపడి ఉంటుంది. అంటే హెన్రీ ఇంట రావలసిన వై హెన్రీ దగ్గర నుంచే రాలేదు. పిండిలో తిరిగే పురుగు సాక్ష్యం విని ఒక మహారాజును దోషిగా నిలబెట్టడం ఏ ధర్మశాస్త్రంలో ఉందో వారే చెప్పాలి.

సరే, ఆ వై ఎంత ఘనమైనదో చూద్దామనుకున్నాం. చూడకుండా ఉండవలసింది. ఎక్స్‌లో ఎనిమిది వందల పైచిలుకు జన్యువులున్నాయి. వైని 2023లో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. ప్రోటీన్లు తయారు చేయించే జన్యువులు నూటికి కాస్త పైన తేలాయి, అందులోనూ పెద్ద వాటా ఒకే జన్యువుకు నకళ్లు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు మేం ఇంత అట్టహాసంగా అందిస్తున్న వంశాంకురం ఇదీ. కొడుకు దగ్గరున్న ఆ ఒక్క ఎక్స్ ఎక్కడిది? తల్లిది, అంటే మేనమామల ఇంటిది. మరి తండ్రి ఎక్స్ ఎటు పోయింది? దాదాపు చెక్కుచెదరకుండా కూతురికి పోయింది. ఇంటిపేరు నిలబెడతాడని కొడుకును భుజాన ఎక్కించుకుంటే, మా ఎక్స్‌ను పట్టుకుని నిలబడింది కూతురన్నమాట. ఈ వాక్యం మా ఇంటి సమావేశంలో చదివినప్పుడు కొందరు పెద్దలు లేచి వెళ్లిపోయారు.

ఒక్క బట్టతల విషయంలో విజ్ఞానం మాకు అనుకూలంగా ఉందని ఆశపడ్డాం. బట్టతలతో గట్టి సంబంధం ఉన్న ఒక జన్యువు ఎక్స్ మీదే ఉంది కాబట్టి, అబ్బాయి నెత్తి మీద జరిగే నష్టానికి పూర్తి బాధ్యత తల్లి తరపు వారిదే అనుకున్నాం. ఉత్తరం కూడా రాయించాం. అంతలో మిగతా క్రోమోజోముల మీద కూడా బట్టతలకు కారణమయ్యే జన్యువులు చాలానే ఉన్నాయని, అవి తండ్రి నుంచి కూడా రావచ్చని చెప్పి ఆ కాస్త ఆనందాన్నీ లాగేసుకున్నారు. ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది.

మైటోకాండ్రియాల సంగతి మరీ దారుణం. కణానికి శక్తిని అందించే ఈ సూక్ష్మ భాగాలకు సొంతంగా 37 జన్యువులున్నాయి. ఇవి తల్లి నుంచే వస్తాయి. కొడుకుకూ వస్తాయి గాని, కొడుకు తన పిల్లలకు ఇవ్వలేడు. తండ్రి శుక్రకణంతో పాటు కొన్ని అండంలోకి చేరినా అక్కడ వాటిని వెతికి మరీ నాశనం చేస్తారట. అల్లుడి వెంట వచ్చిన వారికి జరిగే మర్యాద ఇదా?

ఈ కల్తీ గొడవంతా పడలేకే కొన్ని గొప్ప కుటుంబాలు బయటి రక్తాన్ని గడప దాటి రానివ్వలేదు. ఐరోపాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశం ఇందులో ఆదర్శం. తరతరాలుగా పెళ్లిళ్లు తమలో తామే కుదుర్చుకున్నారు. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ సొంత మేనకోడలినే పెళ్లాడాడు. వారి కొడుకు రెండో చార్లెస్. దవడ ముందుకు పొడుచుకు వచ్చింది, మాట స్పష్టంగా రాలేదు, నడక ఆలస్యమైంది. వంశవృక్షాన్ని లెక్క కట్టి చూసిన పరిశోధకులు, ఆయన జన్యువుల్లో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి అన్నాచెల్లెళ్లకు పుట్టిన బిడ్డలో ఉండేటంత ఎక్కువని తేల్చారు. అణగి ఉన్నవి రెండు వైపుల నుంచీ కలుసుకోవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. 1700లో ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, సంతానం లేకుండానే ఆయన కన్నుమూశాడు. స్పెయిన్‌లో ఆ వంశం అంతరించింది, సింహాసనం కోసం ఐరోపా అంతా యుద్ధానికి దిగింది. అయితేనేం, అంతరించేటప్పుడు మాత్రం స్వచ్ఛంగానే ఉంది.

మహావీరుడైన పూర్వీకుడిని చూపించి బతుకుతున్న కుటుంబాల కష్టం వేరు. పది తరాలు వెనక్కి వెళితే ఒక్కొక్కరికీ వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. మేం అందులో ఒకరినే పటం కట్టించి గోడకు తగిలించుకున్నాం, మిగతా 1,023 మంది ఊసు ఎత్తం. ప్రకృతి మాత్రం ఎత్తుతుంది. ప్రతి తరంలోనూ తల్లిదండ్రులు తమ దగ్గరున్న దానిలో సగమే పిల్లలకు ఇస్తారు, అదీ క్రోమోజోములను ముక్కలుగా మార్చుకుని, కలగలిపి ఇస్తారు. ఆ ముక్కల మార్పిడిని లెక్కలోకి తీసుకోకుండా, 23 జతల్లో ఒక్కో దాన్ని ఎంచే తీరు మాత్రమే చూసినా ఒక్క మనిషి దగ్గర 83,88,608 రకాల కూర్పులు సాధ్యం. ఇలా కోసుకుంటూ కలుపుకుంటూ పది తరాలు గడిచేసరికి ఆ 1,024 మందిలో దాదాపు సగం మంది నుంచి మనకు ఒక్క డీఎన్‌ఏ ముక్క కూడా అందదు. పటంలోని మహావీరుడు ఆ సగంలో ఉన్నాడా, ఈ సగంలో ఉన్నాడా అని మనుమడు అడిగాడు. పెద్దల ముందు అలాంటి ప్రశ్నలు వేయకూడదని చెప్పాను. ఆ నోరు మా వైపుది కాదు.

ఎత్తు గురించి ఒక్క మాట. తాతగారి ఎత్తు వచ్చిందని ఇంతకాలం మూడు ముక్కల్లో తేల్చేవాళ్లం. ఇప్పుడు ఎత్తుతో సంబంధం ఉన్న తేడాలు డీఎన్‌ఏలో పన్నెండు వేల చోట్ల ఉన్నాయట. తినే తిండి, చిన్నప్పటి జబ్బులు వీటికి అదనం. పన్నెండు వేల వాటాలు పంచడానికి కూర్చుంటే బిడ్డకు పెళ్లీడు వస్తుంది.

చివరిగా ఒక వివాదాస్పద ఆస్తి ఉంది. ప్రతి బిడ్డలోనూ అరవై, డెబ్బై దాకా కొత్త మార్పులు ఉంటాయని తేలింది. అవి తల్లిలోనూ లేవు, తండ్రిలోనూ లేవు. డీఎన్‌ఏకు నకలు తీసేటప్పుడు దొర్లిన అక్షరదోషాలు అవి. ఏ తాతకూ చెందవు, ఏ అమ్మమ్మకూ చెందవు, వాటిపై హక్కు చెప్పుకునే బంధువు భూమి మీద లేడు. వాటిలో ఎక్కువ భాగం తండ్రి వైపు నకలులోనే దొర్లుతాయని, తండ్రి వయసు పెరిగే కొద్దీ పెరుగుతాయని కూడా అంటున్నారు. దీన్ని మేం అంగీకరించడం లేదు. వాటిలో చాలావాటి వల్ల మంచీ లేదు, చెడూ లేదు. కొన్నింటి వల్ల మాత్రం ఏం జరుగుతుందో పిల్లలు పెరిగితే గాని తెలియదు. కాబట్టి మా ప్రతిపాదన ఇది: ఆ అరవై డెబ్బై మార్పులనూ ప్రస్తుతానికి తల్లి తరపు వారి ఖాతాలో ఉంచాలి. వాటిలో ఏదైనా ఒకటి ప్రతిభ అని రుజువైతే, ఆ రోజు మాకు కబురు పెడితే చాలు. వచ్చి మా వాటా తీసుకుంటాం.