జూపార్కు ప్రణాళికా సంఘం వారి మనవి

పొద్దున్నే లేచి, "పదండర్రా, జూకి పోదాం" అని పిల్లల్ని స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్ళిపోయే మనుషులు హైదరాబాద్‌లో ఉన్నారు. నా కళ్ళతో చూశాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు, జాలే. ప్రణాళిక లేకుండా పులిని చూసినవాడు పులిని చూసినట్టు కాదు, ఏదో ఎదురుపడితే పలకరించినట్టు.

మా ఇంట్లో అలాంటి తొందరపాటు ఎప్పుడూ లేదు. నెహ్రూ జూపార్కుకు వెళ్ళాలన్న తీర్మానం 2018 వేసవిలో ఏకగ్రీవంగా ఆమోదించాం. అమ్మ, నాన్న, మేనత్త, నేను, మా ఆవిడ, మా ఇద్దరు పిల్లలు, తమ్ముడు, మరదలు, వాళ్ళ పాప, విశాఖలో ఉండే మా బావమరిది, మొత్తం పదకొండు మందిమి. అప్పటికి మా పెద్దాడికి నాలుగేళ్ళు, "ఏనుగు" అనడం సరిగా రాదు. "చలో జూ" అని వాట్సాప్ గ్రూపు పెట్టాం. దానికి ఇద్దరు అడ్మిన్లు. ఒక్కణ్ణే పెడితే తమ్ముడు అలిగాడు.

ఆలోచన పుట్టింది తాబేలు వల్ల. జూలో గలపాగోస్ జాతి పెద్ద తాబేలు ఒకటి ఉందని, దానికి వందేళ్ళు దాటాయని మరదలు ఎక్కడో చదివి చెప్పింది. అప్పటిదాకా పేపర్ వెనకాల ఉన్న నాన్న తల బయటికి పెట్టాడు. "అది నాకు తెలుసు" అన్నాడు, పాత స్నేహితుడి మాట వచ్చినట్టు. ఇప్పుడున్న జూ 1963 అక్టోబరులో తెరిచారు. అంతకుముందు జంతువులన్నీ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, పాతవాళ్ళు బాగే ఆమ్ అనే తోటలో ఉండేవి. ఈ తాబేలు కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. నిక్కర్లు వేసుకునే రోజుల్లో నాన్న దాన్ని అక్కడ చూశాడట. "ఒక్కసారి చూసొద్దాం" అన్నాడు. ఆయన జీవితంలో మమ్మల్ని అడిగినవి చాలా తక్కువ. కాబట్టి ఎజెండాలో మొదటి అంశంగా తాబేలునే రాశాం.

రెండో అంశం దగ్గర అమ్మ ఆపింది. "ఓపెన్ జూ అంటున్నారు, పులులు అలా వదిలేసి ఉంటాయా?"

న్యాయమైన ప్రశ్నే. తమ్ముడు సివిల్ ఇంజనీరు. వారం రోజులు చదివి నివేదిక ఇచ్చాడు. 1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి ఊచలు లేని జూ తెరిచాడట. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో చూసుకుని, అంతకన్నా వెడల్పుగా కందకాలు తవ్వించి, అవి చూసేవాళ్ళ కంట పడకుండా ఏర్పాటు చేశాడట. మన జూలో పులులకీ సింహాలకీ ఉన్నది ఆ పద్ధతే. అమ్మ అంతా శ్రద్ధగా విన్నది. "మరి ఆ రోజు పులికి హుషారెక్కువై ఇంకో అడుగు దూకితే?" అంది. దీనికి హాగెన్‌బెక్ ఏమనేవాడో గాని, తమ్ముడు నివేదిక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నిజానికి కందకానికి అవతలివైపు నుంచి వచ్చే ప్రమాదం తక్కువ. 2016లో ఒకాయన మందు మత్తులో సింహాలకు షేక్‌హ్యాండ్ ఇస్తానని ఇదే జూలో కందకంలోకి దిగాడు. సిబ్బంది సింహాల దృష్టి మళ్ళించి ఆయన్ని బయటికి లాగారు. పాపం, ఇటునుంచి దూకేవాళ్ళు ఎంత దూరం దూకుతారో హాగెన్‌బెక్ కొలిచినట్టు లేదు.

ఈలోగా బావమరిది విశాఖ నుంచి అభ్యంతరం లేవనెత్తాడు. "మీ జూ 380 ఎకరాలు బావా. మాది 625. కంబాలకొండ అడవిలో ఉంటుంది. ఒక గేటు హైవే వైపు, ఇంకో గేటు బీచ్ వైపు. మీ జూ గేటు దగ్గర ఏముంది, ట్రాఫిక్ తప్ప?" రాష్ట్రం విడిపోయాక ఆస్తుల పంపకం ఇంకా తెగలేదని విన్నాను గాని, ఇది మా డైనింగ్ టేబుల్ దాకా వస్తుందనుకోలేదు. నేను జవాబు వెతుక్కుంటుండగా అమ్మ ఇంకోటి తెచ్చింది. తిరుపతి జూ 5,000 ఎకరాల పైచిలుకట, అక్కడికే వెళ్తే దర్శనం కూడా అయిపోతుందట. పుణ్యం, పులి ఒకే టికెట్ ఖర్చులో. చర్చ నాలుగు ఆదివారాలు నడిచింది. చివరికి నాన్న, "మనం చూసేది జంతువుల్నా, పట్టాదారు పాసుపుస్తకాలనా?" అన్నాక ఆగింది.

ఇక రోజు. ఇక్కడే మా సంఘం పద్ధతి ఎంత శాస్త్రీయమో పాఠకులు గమనించాలి. ఆదివారం రద్దీ. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదు. బుధవారం పాపకి డాన్స్ క్లాసు. గురువారం మేనత్త దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్ళకపోతే ఆ వారమంతా ఆవిడకే కాదు, మాకూ బాగుండదు. శుక్రవారం డబ్బు గడప దాటకూడదు, టికెట్ డబ్బులైనా డబ్బులే. శనివారం అమ్మకి ఒంటిపూట, తినకుండా జూకి వెళ్ళడమంటే పస్తుండి పెళ్ళికి వెళ్ళడమే. మిగిలింది సోమవారం. రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది, కాబట్టి తొమ్మిది దాటాక బయల్దేరాలి. ఇంతమంది పెద్దలు, ఇన్ని నమ్మకాలు, ఇన్ని ఇబ్బందులు అన్నింటినీ దాటుకుని నిలబడ్డ ఒకే ఒక్క రోజు. ఆ సాయంత్రం మేమంతా ఒకరినొకరు అభినందించుకున్నాం.

2019లో ఒక సోమవారం రెండు కార్లలో, పదకొండు మందిమి, పన్నెండు టిఫిన్ డబ్బాలతో బహదూర్‌పురా చేరాం. గేటు మూసి ఉంది.

"సోమవారం బంద్ సార్" అన్నాడు అక్కడున్న మనిషి. ఏళ్ళ తరబడి సోమవారాలు ఈ మాట చెప్పీ చెప్పీ ఆయన గొంతులో ఏ భావమూ లేదు. ఇంటర్నెట్‌లో చూసుకోలేదా అని మీరు అడగొచ్చు. చూడకపోవడమేమిటి? ఎన్ని ఎకరాలో చూశాం, కందకాలు చూశాం, హాంబర్గ్ చూశాం. వారం సెలవు ఎప్పుడన్నది ఎజెండాలో లేదు. తర్వాత తెలిసిన సంగతి, మన దేశంలో చాలా జూల్లో మాంసం తినే జంతువులకు వారానికి ఒకరోజు ఉపవాసం కూడా పాటిస్తారట. అమ్మకి పులి మీద మొదటిసారి గౌరవం కలిగింది. "అదీ మనలాగే ఒక రోజు ఉంటుందన్నమాట" అంది. కార్లలోనే కూచుని పులిహోర తిన్నాం. పులిని చూడ్డానికి వచ్చి పులిహోర అన్న శ్లేష మేనత్తది, నాది కాదు. దాన్ని ఆవిడ తిరుగుప్రయాణంలో ఆరుసార్లు చెప్పింది.

తర్వాత కొవిడ్ వచ్చింది. అందరికీ అదొక కష్టకాలం, మా సంఘానికి మాత్రం మొదటిసారి సరైన కారణంతో వాయిదా వేసే అవకాశం. 2021 మే నెలలో జూలోని ఎనిమిది ఆసియా సింహాలకు కొవిడ్ సోకిందని సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. దేశంలో జంతువులకు అలా తేలడం అదే మొదలన్నారు. అన్నీ కోలుకున్నాయి. మరదలు ఆ వార్త గ్రూపులో పెడితే అమ్మ ఫోన్ చేసి, వాటికి మిరియాల కషాయం ఎవరైనా ఇస్తున్నారా అని కనుక్కోమంది. పులి దూకుడు ఆపే కందకం మనిషి దగ్గును ఆపలేకపోయిందన్న మాట. తమ్ముడు జేబులోని నివేదికలో ఒక పేరా పెంచాడు.

2022 పరీక్షల్లో పోయింది. 2023లో బావమరిది పెళ్ళి. ఎండాకాలం ఎండ, వానాకాలం వాన, చలికాలం అమ్మ మోకాళ్ళు.

2024 మార్చిలో ఎజెండాలోని మొదటి అంశం తనంతట తానే వైదొలగింది. పబ్లిక్ గార్డెన్స్ నుంచి వచ్చిన ఆ తాబేలు దాదాపు 125 ఏళ్ళ వయసులో చనిపోయిందని పేపర్లలో వచ్చింది. నిజాముల్ని చూసింది, పోలీసు చర్యను చూసింది, రెండు రాష్ట్రాలను చూసింది, మా కోసం ఆరేళ్ళు ఆగింది. ఇంకెంత ఆగుతుంది? ఆ వారం నాన్నకి కంటి ఆపరేషన్, పేపర్ చదవొద్దన్నారు. ఆయనది బటన్ ఫోను, గ్రూపులో లేడు. ఆయనకి ఎవరు చెప్పాలన్నది చర్చకు రాలేదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారని పదిమందిమీ అనుకున్నాం.

చివరికి 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా ఫ్లైఓవర్ తెరిచారు. ట్రాఫిక్ అని చెప్పుకోవడానికి కూడా లేకుండా చేశారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, రద్దీ ఉన్నా సరేనని, వెళ్ళాం. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాలన్నది ప్రణాళిక. చెట్నీ గిన్నె మూత దొరకలేదు. దొరికాక పాపకి బాత్రూమ్. ఒంటిగంటకి లోపల అడుగుపెట్టాం.

సింహం రోజులో దాదాపు ఇరవై గంటలు పడుకునే గడుపుతుంది. పులులకు పొద్దుపొద్దున్నే, సందె వేళే హుషారు. ఇవన్నీ మాకు 2018 నుంచి తెలుసు, నివేదికలో ఉన్నాయి. మేము చేరిన ఒంటిగంటకి జూ మొత్తం భోంచేసి నడుం వాల్చిన ఇల్లులా ఉంది. చెట్టు కింద సింహం వీపు కనపడింది. పెద్దాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. "దీని వీడియోలు దీనికన్నా బాగుంటాయి" అన్నాడు. తెల్లపులి తోక ఒకసారి కదిలిందని చిన్నాడు చెప్పాడు, మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. దాని మీద ఇంకా విచారణ జరుగుతోంది.

380 ఎకరాలు నడవలేమని అమ్మ, మేనత్త, మరదలు బ్యాటరీ బండి ఎక్కారు. అక్కడితో సంఘం రెండుగా చీలింది. తర్వాతి గంటన్నర ఫోన్లలోనే నడిచింది. "ఎక్కడున్నారు?" "జిరాఫీ దగ్గర." "మేమూ జిరాఫీ దగ్గరే, మీరు కనపడరే?" "దానికి ఇటువైపు!" బావమరిది మాత్రం ప్రతి ఎన్‌క్లోజర్ ముందు ఆగి విశాఖలో ఇదే జంతువు ఇంకా పెద్దగా ఉంటుందని చెప్పి కదిలాడు.

మొసలి నోరు బార్లా తెరుచుకుని అరగంటగా కదలకుండా ఉంది. ఒంట్లో వేడి తగ్గించుకోడానికి అలా ఉంటుందని నేను చెప్పేలోపే మేనత్త, "పాపం, ఆకలేమోరా" అని డబ్బా మూత తీసింది. నేను వెంటనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, సెక్షన్ 38జె ఉదహరించాను. జూలో జంతువుల్ని విసిగించడం, వాటికి మేత వెయ్యడం నేరం, శిక్ష ఉంది. మేనత్త చెయ్యి వెనక్కి తీసుకుంది గాని ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చిన ప్రాణికి ముద్ద పెట్టడం నేరమా?" అంది. వచ్చింది మనం అత్తయ్యా అని ఎవరూ అనలేదు.

సాయంత్రం బయటికి నడుస్తున్నాం. పొద్దున్నుంచీ ఒక్క మాట మాట్లాడకుండా, కొత్త కళ్ళజోడుతో ప్రతి బోర్డూ పూర్తిగా చదువుకుంటూ వచ్చిన నాన్న గేటు ముందు ఆగిపోయాడు.

"అన్నీ చూపించారు గానీ, ఏదిరా మన తాబేలు?"

పదిమందిమీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందుగా తేరుకున్నది తమ్ముడే. ఫోన్ తీసి గబగబా ఏదో టైప్ చేశాడు. నా జేబులో ఫోన్ మోగింది. చలో జూ, రెండో విడత. ఎజెండా, మొదటి అంశం: తాబేలు.

"వచ్చేసారి ముందు దాని దగ్గరికే నాన్నా" అన్నాడు.

నాన్న తలూపాడు. "మంచిది. తొందరేం లేదులే, అది ఎక్కడికి పోతుంది."