డయాగ్నసిస్ కాగితం చేతిలో పెట్టి పంపేయకండి

మా బాబుకి రెండున్నరేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు, అంటే మాటలు, నలుగురితో కలవడం, ప్రవర్తన మిగతా పిల్లల్లా కాకుండా వేరుగా ఉండే ఎదుగుదల తేడా. చెప్పిన తీరు మీద నాకు ఫిర్యాదు లేదు, డాక్టర్‌గారు మెత్తగానే చెప్పారు. నా బాధంతా ఆ తర్వాతి నిమిషం గురించే. రిపోర్టు చివర ఒక్క వాక్యం ఉంది: "స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అవసరం." మొదటిది మాటల కోసం, రెండోది రోజువారీ పనులు నేర్పడానికి. ఎక్కడ, ఎవరి దగ్గర, వారానికి ఎన్నిసార్లు, రేపు స్కూల్ సంగతేంటి, ఏమీ లేదు. తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. నేను వరండాలో నిలబడి ఆ ఒక్క వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. వాడు నా బ్యాగు జిప్పు లాగుతూ, మూస్తూ, లాగుతూ ఉన్నాడు.

ఆరేళ్లయింది. ఎంత ఆలోచించినా నాకు ఒకటే అనిపిస్తుంది. మా లాంటి ఇళ్లకి సాయం లేకపోవడం ఒక సమస్య. ఉన్న సాయం ఎక్కడుందో చెప్పేవాళ్లు లేకపోవడం దానికంటే పెద్ద సమస్య. వెతుక్కునే పని కూడా తల్లిదండ్రుల నెత్తినే పెట్టారు. అదీ ఎలాంటి సమయంలో? రాత్రిళ్లు నిద్ర ఉండదు. పిల్లాడు దేనికి ఏడుస్తున్నాడో అర్థం కాదు. ఇంట్లో పెద్దవాళ్లేమో "మగపిల్లలకి మాటలు లేటేలే, కంగారు పడకు" అంటుంటారు. ఆ స్థితిలో ఉన్న మనిషిని పట్టుకుని "మీరే కనుక్కోండి" అంటే ఎలా?

ఇది నేనొక్కదాన్నే ఆవేశపడి అంటున్న మాట కాదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 23వ అధికరణం ఉంది. వైకల్యం ఉన్న పిల్లలకీ, వాళ్ల కుటుంబాలకీ సమాచారం, సేవలు, మద్దతు తొందరగా, సమగ్రంగా అందించాలని అందులో రాశారు. ఆ మూడింటిలో సమాచారమే ముందుంది చూడండి. ఆ ఒడంబడికకి ఒప్పుకున్న ప్రతి దేశానికీ ఇది బాధ్యత, దయ కాదు. ప్రపంచంలో వైకల్యం ఉన్న పిల్లలు దాదాపు 24 కోట్ల మంది ఉన్నారని యునిసెఫ్ 2021లో లెక్క చెప్పింది. అంతమంది ఇళ్లల్లో ఎవరి వెతుకులాట వాళ్లే మొదటినుంచీ మొదలుపెట్టుకోవాలా?

నాకు దారి చూపింది ఏ ఆఫీసూ కాదు. థెరపీ సెంటర్ వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చున్న ఒక అక్క. వాళ్ల పాపకి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కాళ్లూ చేతుల కదలికలు సరిగ్గా రాకపోవడం. నా ముఖం చూసి అడగకుండానే అపాయింట్‌మెంట్ చీటీ వెనక రాసిచ్చింది. ప్రతి రిపోర్టూ రెండు కాపీలు తీసిపెట్టుకో. ఒక్క చోటే కాదు, రెండు మూడు చోట్ల వెయిటింగ్ లిస్టులో పేరు రాయించు. సెషన్ జరిగేటప్పుడు బయట కూర్చోవద్దు, లోపలికి వచ్చి చూస్తానని అడుగు. ఆ మూడో మాట నా జీవితాన్నే మార్చింది.

లోపలికి వెళ్లి నేను చూసిందేమిటంటే, థెరపిస్ట్ సబ్బు బుడగలు ఊది, మూత బిగించేసి, సీసా వాడి చేతికిచ్చి, ఊరికే కూర్చుంది. ఏమీ అనలేదు. నాకైతే నోరు ఆగలేదు, "కావాలా నాన్నా? ఇంకా కావాలా?" అనేయబోయాను. ఆమె చేత్తోనే ఆగమంది. వాడు సీసాని తిప్పాడు, మూత లాగాడు, చివరికి తలెత్తి ఆమె కళ్లలోకి చూసి సీసా చాచాడు. అంతే, వెంటనే బుడగలు. అడగడానికి వాడికి కాస్త సమయం ఇవ్వాలని నాకు ఎవరూ చెప్పలేదు. అడగకముందే అన్నీ అందిస్తూ వచ్చాను. వారంలో రెండు గంటలు సెంటర్లో ఉంటాడు, మిగతా సమయమంతా నా దగ్గరే కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే ఆలోచనతో తల్లిదండ్రులకి ఒక శిక్షణ తయారుచేసింది. ఎదుగుదలలో ఇలాంటి ఇబ్బందులున్న రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కుటుంబాల కోసం తొమ్మిది గ్రూపు సెషన్లు, మూడుసార్లు ఇంటికి రావడం. స్పెషలిస్టులే నేర్పాలని లేదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు కూడా నేర్పగలిగేలా దాన్ని రూపొందించారు. ఇలాంటిదొకటి ఉందని నాకు తెలిసేసరికి బాబుకి ఏడేళ్లు.

ఆ అక్క చేసిన పనినే 1971లో అమెరికాలోని ఒమాహాలో ఒక పద్ధతిగా మొదలుపెట్టారు. ఈ దారిలో కొంత దూరం నడిచిన తల్లిదండ్రుల్ని, ఈరోజే విషయం తెలిసిన తల్లిదండ్రులకి జత చేయడం. దానికి పైలట్ పేరెంట్స్ అని పేరు పెట్టారు. బ్రిటన్‌లో 1962లో ఆటిజం పిల్లల తల్లిదండ్రులే సంఘం పెట్టుకుని, 1965లో సొంతంగా స్కూలే తెరిచారు. ఇంతకాలం గడిచాక కూడా డయాగ్నసిస్ రోజున ఒక ఫోన్ నంబర్ ఇవ్వడం ఎవరికైనా అంత కష్టమా?

ఈ ఖాళీలోకి ఎవరొస్తారో తెలుసా? పూర్తిగా నయం చేస్తామనేవాళ్లు. ఆటిజాన్ని నయం చేసే మందు లేదు. రక్తంలోంచి లోహాలు తీసేస్తామని చెప్పే కీలేషన్ వల్ల పిల్లల ప్రాణాలకే ప్రమాదం. దయచేసి అటు వెళ్లకండి. మాటలకి బదులు చూపించి అడిగే బొమ్మల కార్డులు అలవాటు చేస్తే ఇక మాటలు రావని ఎవరైనా భయపెడితే అదీ నమ్మకండి. వాటివల్ల మాటలు ఆగిపోవు. మా వాడు ముందు కార్డుతోనే నీళ్లు అడిగాడు.

ఇంకొకటి, మా పెద్దమ్మాయి. దాని స్కూల్ ఫంక్షన్లు ఎన్ని మిస్సయ్యానో. తోబుట్టువుల గురించి అడిగేవాళ్లు అసలే లేరు. రోజుకి ఒక గంట బాబుని నమ్మకంగా చూసుకునే మనిషి దొరికితే ఆ గంట దానిదే అయ్యేది.

ఇప్పుడు నా బ్యాగులో ఎప్పుడూ ఒక పేజీ జిరాక్స్ కాపీలు ఉంటాయి, ఆ అక్క చెప్పినవీ, నేను తర్వాత నేర్చుకున్నవీ, కింద నా నంబర్. పోయిన వారం అదే వరండాలో ఒకాయన రిపోర్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక కాపీ ఇచ్చాను. ఆయన పేజీ చదవలేదు. మా వాడివైపే చూస్తూ, "పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడా అండీ?" అని అడిగాడు.

"పలుకుతాడండీ. ఒక్కోసారి రెండుసార్లు పిలవాలి, అంతే."